కొత్త తొట్టిలోకి చేపలను మార్చే ముందు పరీక్షించాల్సినవి మూడు నీళ్లు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. విశాఖ మధురవాడలో అపార్ట్‌మెంటు. ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న రెండడుగుల అక్వేరియం. అందులో నాలుగు ఏంజెల్ చేపలు, పది పన్నెండు టెట్రాలు, అడుగున తిరిగే రెండు కోరిడోరాలు. ఇప్పుడు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న కొత్త తొట్టి, దానికో క్యానిస్టర్ ఫిల్టరు (తొట్టి బయట పెట్టే డబ్బా ఫిల్టరు) కొన్నారు. దుకాణంలో "ఈ రోజు నీళ్లు నింపి యాంటీ క్లోరిన్ వేయండి, రేపు చేపలను వదిలేయండి" అన్నారు. మీరు చదివినచోట మాత్రం ఆరు వారాలు ఆగమన్నారు. ఎవరి మాట వినాలి, ఏ పరీక్షలు చేయాలి అన్నది మీ సందేహం.

రేపు మాత్రం వదలకండి. అలాగని ఆరు వారాలూ ఆగనక్కర్లేదు. బాగా పండిన, అంటే మేలుచేసే బాక్టీరియా పట్టిన ఫిల్టరు ఒకటి మీ పాత తొట్టిలోనే ఉంది కాబట్టి సాధారణంగా మూడు నాలుగు వారాల్లో పని పూర్తవుతుంది. అయితే రోజులు లెక్కపెట్టుకుని ముహూర్తం పెట్టుకోవద్దు. తొట్టి సిద్ధమైందో లేదో నీళ్లు చెప్పాలి. ఆ నీళ్లు కూడా ఒకటి కాదు, మూడు రకాలు: మీ కుళాయి నీళ్లు, పాత తొట్టి నీళ్లు, కొత్త తొట్టి నీళ్లు. చాలామంది మూడోదాన్ని మాత్రమే పరీక్షిస్తారు. అందులో చేపల వ్యర్థాలనుంచి పుట్టే విషం, అమ్మోనియా, సున్నా అని చూసి చేపలను మారుస్తారు, అయినా రెండు మూడు రోజుల్లో చేపలు పోతాయి. అంతా సరిగ్గానే చేశాం కదా అని బాధపడతారు. చేప మారేది ఒక గాజు పెట్టెలోనుంచి ఇంకో గాజు పెట్టెలోకి కాదు, ఒక నీటిలోనుంచి ఇంకో నీటిలోకి. ఆ రెండింటికీ మధ్య తేడా ఎంతో తెలియకుండా మార్చడమే అసలు ప్రమాదం.

కుళాయితో మొదలుపెడదాం. విశాఖలో "మా ఇంటి నీళ్లు" అంటే ఏ నీళ్లో అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు చాలాసార్లు తెలియదు. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) సరఫరాకు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి వంటి జలాశయాలున్నాయి, ఏలేరు కాలువ నీళ్లున్నాయి. ఇవి చెరువు నీళ్లే కాబట్టి బోరు నీళ్లతో పోలిస్తే సాధారణంగా మెత్తగా, అంటే లవణాలు తక్కువగా ఉంటాయి. కానీ అపార్ట్‌మెంటు సంపులో ఆ నీళ్లతోపాటు బోరు నీళ్లు కలుస్తాయి, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లూ కలుస్తాయి. సోమవారం కుళాయిలో వచ్చిన నీళ్లు, శుక్రవారం వచ్చిన నీళ్లు ఒకటి కాకపోవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో కొన్నిచోట్ల బోరు నీళ్లు నాలుకకే ఉప్పగా తెలుస్తాయి. అందుకే "వైజాగ్ నీళ్లకు పీహెచ్ ఎంత?" అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పను. మీ అపార్ట్‌మెంటు నీళ్లకు ఎంతో మీరే చూడాలి, అది కూడా వారానికి రెండుసార్లు చొప్పున రెండు మూడు వారాలు చూసి ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. పుస్తకం అంటున్నది ఊరికే కాదు. గుర్తున్న అంకె మన ఇష్టానికి తగ్గట్టు మారిపోతుంది, రాసిన అంకె మారదు.

కుళాయి నీళ్లలో చూడాల్సినవి క్లోరిన్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), కేహెచ్ (కింద చెబుతాను), జీహెచ్ (నీటి మొత్తం గట్టిదనం), టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం), నైట్రేట్. పీహెచ్‌ను మాత్రం రెండుసార్లు చూడాలి. బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అందుకని పట్టిన వెంటనే పరీక్షిస్తే పీహెచ్ తక్కువ చూపిస్తుంది. అదే నీటిని బకెట్లో పోసి, ఎయిర్ స్టోను వేసి ఒక రోజంతా గాలి ఆడించి పరీక్షిస్తే ఆ వాయువు పోయి అసలు పీహెచ్ బయటపడుతుంది. 7.2 అనుకున్నది 8 కావడం నాకు కొత్త కాదు. చేప బతకబోయేది ఆ రెండో అంకెలోనే కాబట్టి పుస్తకంలో పోల్చుకోవడానికి దాన్నే తీసుకోండి.

కేహెచ్ అంటే నీటిలో ఉన్న కార్బొనేటు, బైకార్బొనేటుల లెక్క. పీహెచ్‌ను పడిపోకుండా పట్టి ఉంచేది ఇదే. ఒక డిగ్రీ కేహెచ్ అంటే కాల్షియం కార్బొనేటు లెక్కలో లీటరుకు 17.9 మిల్లీగ్రాములు. నాలుగు డిగ్రీలకు తగ్గకుండా ఉంటే నాకు నిశ్చింత. చాలామంది ఇక్కడే, మంచి జరుగుతుందనుకుని, చెడు చేస్తారు. చేపలకు స్వచ్ఛమైన నీళ్లు ఇవ్వాలని ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు తెప్పించి తొట్టి నింపుతారు. అవి ఆర్‌ఓ నీళ్లు, వాటిలో కేహెచ్ దాదాపు ఉండదు. పట్టి ఉంచేది లేనప్పుడు కొన్ని వారాల్లోనే పీహెచ్ జారిపోతుంది. మీ కుళాయి నీళ్లు మరీ గట్టివైతే ఆర్‌ఓ నీళ్లు కొంత భాగం కలపడం మంచిదే, కానీ పూర్తిగా వాటితోనే నింపకూడదు. ఒకసారి నిర్ణయించుకున్న పాళ్లను ప్రతి నీటి మార్పుకూ అలాగే పాటించాలి.

క్లోరిన్ గురించి ఒక మాట. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలన్నది భారతీయ ప్రమాణం. మనుషులకు అది రక్షణ, చేప మొప్పలకు మాత్రం మంట. మామూలు రోజుల్లో దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ దాన్ని తేలిగ్గా తీసేస్తుంది. అందులో ఉండేది సాధారణంగా సోడియం థయోసల్ఫేటు, అంటే హైపో. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు ఏడు మిల్లీగ్రాముల హైపో స్ఫటికాలు లెక్క. అసలు ప్రమాదం మామూలు రోజున కాదు, అపార్ట్‌మెంటు సంపునో పైట్యాంకునో బ్లీచింగ్ పౌడరుతో కడిగిన రోజున ఉంటుంది. ఆ రోజు కుళాయిలో క్లోరిన్ ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ వాచ్‌మన్‌తో ముందే చెప్పి ఉంచండి, ట్యాంకు కడిగే ముందు రోజు మీకు కబురు చెప్పమనండి. కడిగాక రెండు మూడు రోజులు ఆ నీళ్లు తొట్టిలోకి పోయొద్దు. పోయడం తప్పనిసరైతే క్లోరిన్ పరీక్ష చేసి, రంగు అసలు రాలేదని చూశాకే పోయండి.

ఇక పాత తొట్టి. మీ ప్రశ్నలో దీన్ని పరీక్షించాలన్న ఊసే లేదు, నాకు అన్నిటికంటే భయం దీని గురించే. "పాత తొట్టి బాగానే ఉంది, చేపలు చక్కగా తిరుగుతున్నాయి" అన్నారు. చేపలు తిరుగుతున్నంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు. నెమ్మదిగా చెడిన నీటికి చేప నెమ్మదిగా అలవాటు పడుతుంది. ఏళ్లుగా నడుస్తున్న తొట్టిలో బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తూ కేహెచ్‌ను తింటూ పోతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి ఏడు మిల్లీగ్రాములకు పైగా క్షారత ఖర్చవుతుంది. నీళ్లు తరచుగా మార్చకుండా, తగ్గినంత పోస్తూ నెట్టుకొస్తే కేహెచ్ అడుగంటి, పీహెచ్ 6.5కో అంతకంటే కిందికో దిగి, నైట్రేటు లీటరుకు వంద మిల్లీగ్రాములు దాటి కూర్చుంటుంది. ఆ దశలో బాక్టీరియా కూడా మందగిస్తుంది. అమ్మోనియా కొద్దికొద్దిగా మిగిలిపోతుంది.

అయినా చేపలు బతికే ఉంటాయి. ఎందుకో తెలిస్తే మార్చడంలో ఉన్న ప్రమాదమూ అర్థమవుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: విషపూరితమైన అమ్మోనియా, పెద్దగా హాని చేయని అమ్మోనియం. ఏది ఎంత అన్నది పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. మన విశాఖలో గది నీటి వేడి సుమారు 28 డిగ్రీలు అనుకోండి. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర అదే ఆరున్నర శాతం అవుతుంది. అంటే కిట్టులో అదే రంగు, అదే అంకె, విషం మాత్రం తొమ్మిది రెట్లు. ఇప్పుడు ఊహించండి. పీహెచ్ 6.5 ఉన్న పాత నీటిలో కొంచెం అమ్మోనియాతో నడుస్తున్న తొట్టి. ఎవరో "నీళ్లు మురికిగా ఉన్నాయి" అని ఒక్కసారిగా సగానికి పైగా తీసేసి, పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పోస్తారు. అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియం గంటల్లో విషమైపోతుంది. శుభ్రం చేశాకే చేపలు చనిపోయాయని చెప్పే ఇళ్లలో జరిగేది చాలాసార్లు ఇదే.

దీనికి పూర్తి ఎదురుగా ఇంకో రకం పాత తొట్టి ఉంటుంది. ఆవిరైన నీటి స్థానంలో గట్టి బోరు నీళ్లు పోస్తూ పోతారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. కుళాయిలో టీడీఎస్ 400 ఉంటే తొట్టిలో 1000 దాటి ఉంటుంది. గాజు అంచున తెల్లటి పొర పేరుకుని కనిపిస్తే ఇదే అనుకోండి. అలాంటి నీటినుంచి చేపను ఒక్కసారిగా మెత్తటి నీటిలో వేస్తే దాని శరీరంలోని లవణాల తూకం తప్పుతుంది. ఒక రోజు బాగానే ఉంటుంది, రెండో రోజో మూడో రోజో రెక్కలు ముడుచుకుని మూలకు చేరుతుంది.

మీది ఏ రకమో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పరీక్ష చేసి కుళాయి అంకెల పక్కనే పాత తొట్టి అంకెలూ రాయండి. పీహెచ్‌లో తేడా 0.5 లోపు, టీడీఎస్‌లో తేడా వందా నూటయాభై లోపు ఉంటే నిశ్చింత. అంతకంటే ఎక్కువ ఉంటే మీ చికిత్స ఈ రోజునుంచే పాత తొట్టిలో మొదలుకావాలి. రోజు విడిచి రోజు పది నుంచి పదిహేను శాతం నీళ్లు మార్చండి. క్లోరిన్ తీసి గాలి ఆడించిన కుళాయి నీళ్లను, అంటే రేపు కొత్త తొట్టిలో ఉండబోయే నీళ్లనే పోయండి. పాత తొట్టిలో అమ్మోనియా కనిపిస్తూ, పీహెచ్ తక్కువగా ఉంటే పది శాతం దాటవద్దు. ప్రతి మార్పుకూ ముందు అమ్మోనియా చూడండి. రెండు మూడు వారాల్లో రెండు నీళ్లూ దగ్గరపడతాయి. కొత్త తొట్టి సిద్ధమయ్యే వారాలు, చేపలు సిద్ధమయ్యే వారాలు ఒకటే కావడం వల్ల ఎదురుచూపు వృథా కాదు. చేపల ఒంటిమీద తెల్లమచ్చల్లాంటి జబ్బు ఏదైనా ఉంటే అదీ ఈలోపే నయం చేయాలి, లేదంటే చేపలతోపాటే కొత్త తొట్టిలోకి వస్తుంది.

కొత్త తొట్టిని నిలబెట్టే పని గురించి మీకు పెద్దగా చెప్పనక్కర్లేదు, ఒకసారి చేసినవారే. మీ కొలతల తొట్టి అంచులదాకా నింపితే 190 లీటర్లు. గ్రావెల్ వేసి, పైన రెండంగుళాలు వదిలితే 160 లీటర్ల నీళ్లు పడతాయనుకోండి. నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు కలిపి రెండు క్వింటాళ్లు దాటుతుంది కాబట్టి గోడ పక్కన, నేల సమంగా ఉన్నచోట పెట్టండి. ఇనుప స్టాండైతే మన సముద్రపు గాలికి వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు త్వరగా పట్టుకుంటుంది. రంగు వేయించి, ఏడాదికోసారి అతుకులు చూస్తూ ఉండండి. తొట్టి కింద థర్మోకోల్ షీటు తప్పనిసరి. ఉత్త నీళ్లతో రెండు రోజులు నింపి ఉంచి లీకులు చూడండి. సబ్బు, ఫినాయిల్ దగ్గరకు రానివ్వకండి.

ఇసుక, రాళ్ల విషయంలో మాత్రం ఆగి చూడాలి. బీచ్ దగ్గర ఉన్నాం కదా అని ఆర్కే బీచ్‌నుంచో రుషికొండనుంచో ఇసుక తెచ్చేవాళ్లున్నారు. అందులో ఉప్పు ఉంటుంది. దాన్ని ఎంత కడిగినా గవ్వల పొడి పోదు. ఆ గవ్వలు కాల్షియం కార్బొనేటు, నెమ్మదిగా కరుగుతూ గట్టిదనాన్ని, పీహెచ్‌ను పెంచుతూనే ఉంటాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి రంగు చూసి ముచ్చటపడేవారికి కూడా చెబుతున్నాను: అది రక్షిత భూవారసత్వ స్థలం, అక్కడినుంచి పిడికెడు కూడా తీయకూడదు. ఎక్కడినుంచి తెచ్చిన రాయైనా ఆరిన దానిమీద వెనిగర్ నాలుగు చుక్కలు వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. బుసబుసమని సన్నటి శబ్దం వచ్చినా, బుడగలు వచ్చినా ఆ రాయి మీ ఏంజెల్ చేపలకు పనికిరాదు. ఏ చప్పుడూ లేకపోతే కడిగి వాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, బాక్టీరియా. చేప మొప్పలనుంచి, మిగిలిన మేతనుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, నైట్రైటును మరో రకం నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. నైట్రైటు చేప రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే శక్తిని చంపేస్తుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు, స్పాంజికి, రింగులకు, గ్రావెల్‌కు అంటుకుని ఉంటుంది. పాత తొట్టి నీళ్లు తెచ్చి కొత్తదానిలో పోస్తే బాక్టీరియా వచ్చేస్తుందనే నమ్మకం అందుకే తప్పు. పాత నీళ్ల వల్ల నైట్రేటు వస్తుంది, బాక్టీరియా దాదాపు రాదు.

మీరు చేయాల్సింది ఇది. పాత స్పాంజి ఫిల్టరును కదపకండి. కొత్త క్యానిస్టర్‌లో వేయాల్సిన సిరామిక్ రింగులను ఒక వలసంచిలో పోసి, పాత తొట్టిలో ఆ స్పాంజి ఫిల్టరు పక్కనే, నీళ్లు కదిలేచోట వేలాడదీయండి. మూడు వారాలు అక్కడే ఉండనివ్వండి. పాత ఫిల్టరులో ముక్క తీసి ఇవ్వడం కంటే ఇది మంచిది, ఎందుకంటే పాత తొట్టి బలం ఏమీ తగ్గదు. మూడు వారాలయ్యాక ఆ రింగులను తీసి, ఆరనివ్వకుండా, కుళాయి కింద కడగకుండా నేరుగా క్యానిస్టర్‌లోకి మార్చండి. పాత స్పాంజిని పాత తొట్టి నీళ్లున్న గిన్నెలో ఒకసారి పిండి, ఆ గోధుమరంగు నీళ్లను కొత్త ఫిల్టరులో పోయండి. చూడటానికి రోతగా ఉంటుంది, కానీ మీరు వేసే ఏ సీసా మందుకంటే విలువైనది అది.

అప్పుడు కొత్త తొట్టికి పరీక్ష పెట్టాలి, చేపలు లేకుండానే. స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడు ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణంలో దొరుకుతుంది. పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరం కూడా అదే, కానీ బజారులో దొరికేదాని స్వచ్ఛత నమ్మలేం. 160 లీటర్లకు సుమారు ఒక గ్రాము వేస్తే మొత్తం అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. వేసిన గంటకు పరీక్షించి 2 చూపిందో లేదో నిర్ధారించుకోండి. సరిగ్గా ఇరవైనాలుగు గంటల తరువాత మళ్లీ పరీక్షించండి. అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా, నైట్రేటు పెరిగింది అంటే తొట్టి సిద్ధం. అమ్మోనియా సున్నా అయినా నైట్రైటు మిగిలి ఉంటే రెండో రకం బాక్టీరియా ఇంకా చాలలేదని అర్థం, ఆగండి. రెండూ సున్నాకు దిగాకే మళ్లీ గ్రాము వేయండి. మన ఊరి వేడి ఈ పనికి అనుకూలం, హీటరు అవసరం లేదు. తొందరపెట్టాలని అమ్మోనియా ఎక్కువ పోయడం, తొట్టి వాసన చూసి "సరిపోయింది" అనుకోవడం, రెండూ వద్దు.

సీసాల్లో అమ్మే బాక్టీరియా ద్రవం వాడొచ్చా అని కూడా రాశారు. వాడొచ్చు, గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టిన అల్మారాలోంచి ఇస్తే వద్దనండి. వేసినా వేయకపోయినా ఇరవైనాలుగు గంటల పరీక్ష మాత్రం తప్పదు. రెండో మూడో రోజున నీళ్లు పాలలా తెల్లబడితే కంగారుపడకండి. అది వేరే రకం బాక్టీరియా పెరగడం, దానంతటదే తేటపడుతుంది. కంగారుపడి నీళ్లన్నీ పారబోసి ఫిల్టరు కడిగితేనే పని మొదటికి వస్తుంది.

పరీక్ష చేసే పద్ధతి దగ్గర కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే తప్పు అంకె అసలు అంకె లేకపోవడం కంటే హానికరం. కాగితపు స్ట్రిప్పులు పైపైన చూడటానికి సరే, చేపలను మార్చే నిర్ణయం వాటిమీద పెట్టొద్దు. ద్రవాల కిట్టు కొనండి. ఎక్కువమంది వాడే ఏపీఐ మాస్టర్ కిట్టులో పీహెచ్, అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు ఉంటాయి. కేహెచ్, జీహెచ్ ఉండవు, వాటిని విడిగా తీసుకోవాలి. గాజు గొట్టాన్ని పరీక్షించబోయే నీటితోనే రెండుసార్లు తొలిచి, 5 మిల్లీలీటర్ల గీతదాకా నింపి, సీసాను నిటారుగా తలకిందులు చేసి చుక్కలు వేయండి. పక్కకు వంచి వేస్తే చుక్క సైజు మారిపోతుంది. నైట్రేటు పరీక్షలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. అందులో రెండో సీసాలోని పొడి అడుగున గట్టిగా పేరుకుంటుంది. చుక్కలు వేసే ముందు దాన్ని అర నిమిషం గట్టిగా ఊపాలి, అవసరమైతే బల్లమీద తట్టాలి. వేశాక గొట్టాన్ని ఒక నిమిషం ఊపాలి, తరువాత ఐదు నిమిషాలు ఆగాలి. ఊపకుండా వేస్తే వంద ఉన్న నైట్రేటు కూడా పది అని చూపిస్తుంది, మీరు పాత తొట్టి బాగుందని నమ్మేస్తారు. రంగును పగటి వెలుతురులో, కార్డు తెల్లభాగానికి ఆనించి చూడండి, పసుపు బల్బు కింద కాదు. కిట్టును వంటగదిలో పొయ్యి దగ్గర పెట్టొద్దు.

ఇరవైనాలుగు గంటల పరీక్ష నెగ్గిన రోజున కొత్త తొట్టిలో నైట్రేటు బాగా పెరిగి ఉంటుంది. సగమో, అంతకంటే ఎక్కువో నీళ్లు మార్చి 20 దగ్గరకు దించండి, ఇంకా చేపలు లేవు కాబట్టి భయం లేదు. తరువాత మళ్లీ పీహెచ్, కేహెచ్, టీడీఎస్, వేడి చూసి, అదే గంటలో పాత తొట్టివీ చూసి పక్కపక్కన రాయండి. చేపలను ఆ రోజో మరునాడో మార్చేయాలి. మార్చడం ఆలస్యమైతే బాక్టీరియా పస్తుండకుండా ప్రతిరోజూ కొద్దిగా అమ్మోనియం క్లోరైడు వేస్తూ ఉండాలి.

మార్చే రోజు ముందు రోజంతా మేత వేయకండి. ఏప్రిల్, మే నెలలైతే పొద్దున్నే చేయండి. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర 7.5కు దిగుతుంది, అమ్మోనియా విషం మాత్రం పెరుగుతుంది. తొట్టిమీద ఫ్యాను పెట్టి చల్లబరచడం హైదరాబాదులో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు, మన గాలిలో తేమ ఎక్కువ, నీరు త్వరగా ఆవిరి కాదు. మూత తీసి, గాలి బాగా ఆడించడం మీద ఎక్కువ ఆధారపడండి.

పాత తొట్టి నీళ్లు సగం బకెట్టు తీసుకుని, చేపలను అందులోకి తీయండి. బకెట్లో ఎయిర్ స్టోను వేసి, పైన గుడ్డ కప్పండి. ఏంజెల్ చేపలను వలతో కాకుండా గిన్నెతో పడితే రెక్కలు చిరగవు. కోరిడోరాలకు రెక్కల దగ్గర ముళ్లుంటాయి, వలలో చిక్కుకుంటే లాగకండి, వలనే కత్తిరించండి. ఎయిర్ పైపుకు ఒక ముడి వేసి కొత్త తొట్టినుంచి బకెట్లోకి చుక్కలు చుక్కలుగా నీళ్లు దించండి. ముప్పావు గంట నుంచి గంటలోపు బకెట్టులో నీళ్లు రెండింతలు కావాలి. ఈలోపు పాత స్పాంజి ఫిల్టరును తడి ఆరకుండా తీసుకెళ్లి కొత్త తొట్టిలో ఒక మూల పెట్టి నడిపించండి. తరువాత చేపలను మాత్రమే వదలండి, బకెట్టు నీళ్లు పారబోయండి. లైటు ఆ రోజు వేయొద్దు. మీ పిల్లలు ఉత్సాహపడతారు, నిజమే, కానీ ఆ సాయంత్రం చేపలకు కావాల్సింది చీకటి.

మొదటి వారం రోజూ అమ్మోనియా, నైట్రైటు చూడండి, మేత మామూలులో సగమే వేయండి. అమ్మోనియా 0.25 దాటితే పావు వంతు నీళ్లు మార్చండి, 0.5 దాటితే సగం. నైట్రైటు కనిపిస్తే నీళ్లు మార్చడంతోపాటు లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము వరకు అయోడిన్ లేని ఉప్పు కరిగించి పోయొచ్చు, ఉప్పులోని క్లోరైడు మొప్పల ద్వారా నైట్రైటు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. మీ దగ్గర కోరిడోరాలు ఉన్నాయి కాబట్టి అర గ్రాముతో మొదలుపెట్టి చూడండి. రెండో వారంలో రోజు విడిచి రోజు, ఆ తరువాత వారానికోసారి చాలు.

కరెంటు విషయం మర్చిపోవద్దు. ఫిల్టరు ఆగితే క్యానిస్టర్‌లో చిక్కుకున్న నీటిలో ఆక్సిజన్ కొన్ని గంటల్లో అయిపోతుంది, మీరు వారాలు పెంచిన బాక్టీరియా చనిపోవడం మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, చాలా ఇళ్లలో తొట్టెలు ఖాళీ అయ్యాయి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని స్పాంజి ఫిల్టరుకు తగిలించేలా సిద్ధంగా ఉంచండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మారుస్తుంటే తుపాను సూచన చూశాకే రోజు నిర్ణయించుకోండి. కరెంటు చాలాసేపు పోయి వస్తే క్యానిస్టర్‌ను వెంటనే ఆన్ చేయకండి, లోపలి కుళ్లిన నీళ్లు పారబోసి, రింగులను తొట్టి నీటితో ఒకసారి తొలిచి అప్పుడు నడపండి.

రెండడుగుల పాత తొట్టిని అప్పుడే అమ్మకండి. కొత్త తొట్టి నిలదొక్కుకున్నాక, నెల రోజులకు, ఆ స్పాంజి ఫిల్టరును మళ్లీ అందులోకి మార్చి పది పదిహేను లీటర్ల నీళ్లతో నడిపించండి. ఇకపై కొనే ప్రతి కొత్త చేపను ముందు నాలుగు వారాలు అందులోనే ఉంచాలి. ఈలోపు కుళాయివీ పాత తొట్టివీ అంకెలు రాసి పంపండి. ముఖ్యంగా కేహెచ్, గాలి ఆడించాక వచ్చిన పీహెచ్ పంపితే పాత తొట్టిలో ఎంత శాతం చొప్పున నీళ్లు మార్చాలో కచ్చితంగా చెప్పగలను.